మరమ్మతు నుంచి మార్పిడికి: విజయవాడలో బ్రేకు పని చరిత్ర

ప్రస్తావన

ఆధునిక ఆంధ్రదేశంలో రవాణా గురించి చదివేటప్పుడు మీకు ఎక్కువగా ఎదురయ్యేవి కాలువలు, రైలు మార్గాలు, వంతెనలు, వాటిని కట్టించినవారి పేర్లు. వాటి మీద తిరిగే వాహనాలను రోజూ తిరిగే స్థితిలో ఉంచినవారి ప్రస్తావన ఆ పుటల్లో అరుదు. ఈ భాగంలో వారి వైపు నుంచి చూద్దాం. ఉదాహరణగా తీసుకున్నది చాలా చిన్న పని: పాడైన బ్రేకు క్యాలిపర్‌ను విప్పి కొత్తది బిగించడం. భవానీపురంలో ఏ షెడ్డులోనైనా గంటా గంటన్నరలో ముగిసే పని ఇది. కాని ఒకప్పుడు ఇదే ఊళ్లో బ్రేకు పాడైతే 'మార్చడం' అనే మాట ఇంత సులువుగా వినిపించేది కాదు; బాగుచేయడమే పని. బాగుచేయడం నుంచి మార్చడానికి ఎలా వచ్చాం, ఆ క్రమంలో ఎవరి చేతి నుంచి ఏమి జారిపోయింది, ఎవరికి ఏమి మిగిలింది అనేవి ఈ భాగంలో మనం వేసుకునే ప్రశ్నలు.

మీలో కొందరు పగలు షెడ్డులోనో డిపోలోనో పనిచేసి రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తుంటారు. వారు తర్వాతి శీర్షిక కింది రెండు పేరాలు దాటి ముందుకు వెళ్లవచ్చు.

పని ఎలా జరుగుతుంది?

చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లేన్ని డిస్కు అంటారు. దాన్ని రెండు పక్కల నుంచి పట్టకారులా నొక్కే భాగం క్యాలిపర్. మామూలు కార్లలో క్యాలిపర్‌కు లోపలి వైపు ఒకే పిస్టన్ ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు వచ్చి లోపలి ప్యాడును డిస్కుకు అదుముతుంది. క్యాలిపర్ తన పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడును కూడా లాగి అదుముతుంది. కాలు తీయగానే పిస్టన్ కొద్దిగా వెనక్కి పోవాలి. ఆ పని చేసేది స్ప్రింగు కాదు, పిస్టన్ చుట్టూ ఉండే చదరపు అంచుల రబ్బరు వాషరు. అది ఒత్తిడికి మెలిపడి, ఒత్తిడి పోగానే తన ఆకారానికి తిరిగివస్తూ పిస్టన్‌ను వెంట లాక్కుంటుంది. ఈ చిన్న వాషరును గుర్తుపెట్టుకోండి.

పిస్టన్ తుప్పు పట్టినా, పిన్నులు ఎండిపోయినా క్యాలిపర్ పట్టేస్తుంది. బండి ఒక పక్కకు లాగుతుంది, చక్రం వేడెక్కుతుంది, ప్యాడు ఒకవైపే అరుగుతుంది. అప్పుడు మెకానిక్ జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం విప్పి, ఆయిల్ గొట్టం బోల్టు, పిన్నుల బోల్టులు తీసి పాత క్యాలిపర్‌ను దించుతాడు. కొత్తది బిగించేటప్పుడు గొట్టం బోల్టుకు రాగి వాషర్లు కొత్తవే వేస్తాడు. ఎడమ, కుడి తారుమారు కాకుండా చూస్తాడు. అవి తారుమారైతే గాలి వదిలే నిప్పిల్ కింది వైపుకు వస్తుంది; గాలి పైకి పోతుంది కాబట్టి ఎంతసేపు తంటాలు పడినా పెడల్ మెత్తగానే ఉండిపోతుంది. చివరగా 'ఎయిర్ తీయడం'. లోపల కూర్చున్న కుర్రాడు పెడల్ కొట్టి తొక్కిపట్టుకుంటాడు, కింద మేస్త్రి నిప్పిల్ వదులుచేసి బుడగలు పోయేదాకా చూసి బిగిస్తాడు. 'తొక్కు', 'పట్టు', 'వదులు' అనే మూడు మాటలతో పని నడుస్తుంది. నిప్పిల్ బిగించకముందే కుర్రాడు కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

కాలువ నుంచి రోడ్డుకు

కృష్ణా డెల్టా సమతలం. 1850లలో ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలువ, ఏలూరు కాలువ వంటివి సాగునీటికే కాక సరుకు రవాణాకూ దారులయ్యాయి. ధాన్యం పడవల మీద కదిలింది. పడవను నిలపడానికి గెడ, తాడు, ఒడ్డున ఒక గుంజ చాలు. నీళ్ల మీద నడిచినంతకాలం డెల్టాకు బ్రేకు అనే సమస్య లేదనే చెప్పాలి.

ఆ సమస్య మోటారు బండితో వచ్చింది. 1957లో ప్రకాశం బ్యారేజీ, దాని మీద రోడ్డు ప్రారంభమయ్యాక కృష్ణ దాటి లారీలు, బస్సులు నేరుగా సాగాయి. మద్రాసు–కలకత్తా రోడ్డు, హైదరాబాదు రోడ్డు కలిసే చోటు విజయవాడ. హైదరాబాదు నుంచి వచ్చే రోడ్డు భవానీపురం, విద్యాధరపురం మీదుగా ఇంద్రకీలాద్రి కొండకూ నదికీ మధ్య ఇరుకున దూరి ఊళ్లోకి వస్తుంది. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచేవరకు బరువు బళ్లన్నీ ఆ ఇరుకులో ఆగుతూ కదులుతూ పోవలసిందే. బ్రేకుకు పని చెప్పే దారి అది.

డెల్టా వ్యవసాయంలో మిగిలిన డబ్బు సినిమా హాళ్లకు, రైసు మిల్లులకు, లారీలకు, బస్సులకు మళ్లిన తీరును సామాజిక పరిశోధకురాలు కెరొల్ ఉపాధ్య 1988లో రాసిన ఒక వ్యాసంలో చర్చించారు. యజమానుల గురించి మనకు తెలిసిన సంగతి ఇది. యజమాని పెట్టుబడి వివరాలు కాగితాల మీద ఉంటాయి, మెకానిక్ పని వివరాలు ఉండవు. అందుకే మన చరిత్రలో లారీ యజమాని కనిపించినంతగా లారీ బాగుచేసినవాడు కనిపించడు.

బస్సులు ప్రభుత్వానికి వచ్చిన కథ

ఒక చోట మాత్రం మరమ్మతు పనికి కూడా కాగితాలు పుట్టాయి. అది ఆర్టీసీ. దీని మూలం 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖ. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. అప్పటికి కోస్తాలో బస్సులు ప్రైవేటు యజమానుల చేతిలో ఉండేవి. వాటి రూట్లను సంస్థ స్వాధీనం చేసుకునే పథకం కృష్ణా జిల్లాకు వచ్చినప్పుడు యజమానులు కోర్టుకు వెళ్లారు. ఇదే న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు.

ఈ కేసు దగ్గర కొంచెం ఆగుదాం. యజమానుల అభ్యంతరాలను విన్నది ప్రభుత్వ కార్యదర్శి. పథకానికి ఆమోదం తెలిపింది ముఖ్యమంత్రి. సుప్రీంకోర్టు 1958 నవంబరులో ఆ ఆమోదాన్ని కొట్టివేసింది. వాదన విన్నవారొకరు, నిర్ణయించినవారు మరొకరు అయితే వినడానికి అర్థం లేదన్నది ఒక కారణం. పథకంతో సంబంధమున్న శాఖ అధికారే వినడం సరికాదన్నది మరొకటి. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా వాదనలు విన్నారు. దాన్నీ సవాలు చేస్తే 1959లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు ఇచ్చింది. పరిపాలనా న్యాయ పాఠాల్లో ఇది సహజ న్యాయ సూత్రాల కేసు. రవాణా చరిత్ర చదివే మీకు మాత్రం ఇది మరొకటి కూడా: ఒక జిల్లాలో బస్సుల మరమ్మతు చాలామంది యజమానుల షెడ్ల నుంచి ఒకే సంస్థ డిపోలకు, వర్క్‌షాపులకు మళ్లడానికి దారి వేసిన కేసు.

ఆ మార్పుకు విజయవాడలో గుర్తు భవానీపురం పక్కనే విద్యాధరపురంలో ఉన్న ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపు. డిపోలో కానిది అక్కడికి వెళ్తుంది. అరిగిన యూనిట్లను విప్పి, కడిగి, అరిగిన భాగం మాత్రం మార్చి తిరిగి పనికి పంపే పద్ధతి ఇలాంటి వర్క్‌షాపులది. రిజిస్టరు, హాజరు, ప్రమాణం, అప్రెంటిస్ శిక్షణ అన్నీ ఉన్న మరమ్మతు ఇది. రోడ్డు దాటితే కనిపించే చిన్న షెడ్డులో పని అదే, పానాలు అవే. కాగితం ఒక్కటే ఉండదు. చరిత్రకారుడికి ఆ తేడా చాలా పెద్దది. ఒక కార్మికుడికి అది ఎంత పెద్దదో కిందటి తరం వాడిన లైనర్ల సంగతి చూస్తే తెలుస్తుంది.

ఇక చిన్న షెడ్లలో చాలావాటికి 1960ల తర్వాత ఊరి తూర్పున జవహర్ ఆటోనగర్ చిరునామా అయింది. బాడీ కట్టేవారు, లేత్ పనివారు, కమాన్లు కొట్టేవారు, పాత సామాను అమ్మేవారు ఒకే చోట చేరారు. ఆసియాలోనే పెద్దదని విజయవాడవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఎవరు కొలిచారని అడగడం మర్యాద కాదు. 2014లో ఒక సినిమా పేరులోకి కూడా ఎక్కింది. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' అనే గ్రంథంలో, సాంకేతిక చరిత్ర అంటే కొత్త ఆవిష్కరణల జాబితా కాదని, వాడకం, నిర్వహణ, మరమ్మతుల చరిత్ర కూడా అని వాదించారు. ఘనా దేశంలో కుమాసి నగరపు సువామె మ్యాగజీన్ అనే మరమ్మతుల పేట గురించి ఆయన రాసింది చదివితే మీకు ఆటోనగర్ గుర్తుకురాక మానదు.

లైనర్లు, రాతినార

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి. డ్రమ్ము బ్రేకు, డిస్కు బ్రేకు దాదాపు ఒకే వయసువి. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. అదే ఏడాది ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. లాంచెస్టర్ వాడిన రాగి ప్యాడ్లు భరించలేనంత కీచుమనేవి, దుమ్ము రోడ్ల మీద త్వరగా అరిగిపోయేవి. గెలిచింది డ్రమ్ము. దాదాపు యాభై ఏళ్లు అదే రాజ్యమేలింది.

డ్రమ్ము లోపల షూలకు అతికించే లైనరు వేడికి కాలకూడదు. అందుకు దొరికిన పదార్థం రాతినార, అంటే ఆస్బెస్టాస్. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ స్థాపించిన కంపెనీ 1908 నుంచి దాన్ని లైనర్లలో వాడింది. మన దేశంలో 1960లలో మద్రాసు పరిసరాలు బ్రేకుల పరిశ్రమకు కేంద్రమయ్యాయి. పాడిలో 1962లో బ్రేక్స్ ఇండియా, సుందరం క్లేటన్ ఏర్పడ్డాయి. లైనర్ల తయారీకి రాణే బ్రేక్ లైనింగ్స్ 1964లో వచ్చింది. రాతినార మనకు దూరపు వస్తువు కూడా కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దాని గనులు నడిచాయి.

లారీకి బ్రేకు పని అంటే ఏమిటో గమనించండి. డ్రమ్ము దించాలి. షూ మీద అరిగిన లైనరు రివిట్లు పంచ్‌తో కొట్టి తీయాలి. కొత్త లైనరు పెట్టి రివిట్లు కొట్టాలి, అంచులు ఆకురాయితో రాకాలి. డ్రమ్ము లోపల గాళ్లు పడితే లేత్ మీద ఎక్కించి సాపు చేయించాలి. వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు మార్చాలి. దీనిలో ప్రతి అడుగూ ఊళ్లోనే జరిగేది. మేస్త్రి చేతి నైపుణ్యం డబ్బుగా మారేది ఇక్కడే.

అయితే డ్రమ్ము దించగానే మొదట కనిపించేది బూడిదరంగు దుమ్ము. దాన్ని నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం, చీపురుతో ఊడ్చడం మామూలు. రాతినార లైనర్ల కాలంలో ఆ దుమ్ములో రాతినార ఉండేది. అది ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి షెడ్డు మూతపడి ఉండవచ్చు, మనిషి వేరే పనిలోకి పోయి ఉండవచ్చు. ఆయాసానికి మందులు వాడుతున్న ఒక పెద్దాయన పదిహేనేళ్ల వయసులో ఎవరి దగ్గర షూలు ఊదాడో అడిగేవారు ఎవరు?

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైనప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. మంచి తీర్పే. కాని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో పనిచేసే చోట పదిమంది, కరెంటు లేని చోట ఇరవైమంది ఉంటేనే అప్పట్లో అది ఫ్యాక్టరీ అయ్యేది. ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు ఉన్న షెడ్డులో హాజరు పట్టీయే లేదు; నలభై ఏళ్లు దేన్ని భద్రపరచాలి? లైనరు తయారుచేసినవాడు చట్టం లోపల ఉన్నాడు, అదే లైనరును ఊదినవాడు బయట ఉండిపోయాడు. ఈ చరిత్ర రాయడానికి మనకు ఆధారాలు తక్కువగా ఉండడం కూడా ఆ బయట ఉండిపోవడంలో భాగమే.

షెడ్డులో పనిచేసే విద్యార్థులకు ఒక మాట: ఇప్పటి ప్యాడ్ల పెట్టెల మీద రాతినార లేదని రాసి ఉన్నా, పాత బండిలో ఏముందో, విడిగా కొన్న సామానులో ఏముందో కంటికి తెలియదు. ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

క్యాలిపర్ వచ్చాక

డిస్కు బ్రేకు మళ్లీ ముందుకు వచ్చింది పందేల వల్ల. డ్రమ్ము బాగా వేడెక్కితే పెద్దదవుతుంది, షూ దాన్ని అందుకోలేక పట్టు తగ్గుతుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. 1953లో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు వాటిని ముందు చక్రాలకు పెట్టుకుని బజారుకు వచ్చింది.

మన ఊళ్లకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంబాసిడర్, ఫియట్ కార్ల కాలమంతా డ్రమ్ములే. 1983 చివర మారుతి 800 రాకతో మొదలైన కొత్త కార్ల తరంలో ముందు చక్రాల డిస్కు మామూలైంది. 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్ వంటి మోటారు సైకిళ్లు డిస్కును కుర్రకారు మోజుగా మార్చాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. లారీల సంగతి వేరు. వాటిలో చాలావరకు ఇప్పటికీ డ్రమ్మే, గాలి ఒత్తిడితో నడిచేదే. అందువల్ల విజయవాడలో నేడు రెండు కాలాల పని పక్కపక్కనే సాగుతోంది: ఆటోనగర్ లారీ షెడ్డులో లైనరు, లేత్, భవానీపురం కార్ల షెడ్డులో క్యాలిపర్, ప్యాడు.

మొదట చెప్పిన రబ్బరు వాషరు దగ్గరికి ఇప్పుడు రావచ్చు. డ్రమ్ము గాళ్లను ఊళ్లోని లేత్ సాపు చేయగలదు. లైనరును ఊళ్లోని చెయ్యి కొట్టగలదు. పిస్టన్‌ను సరైన కొలతలో వెనక్కి లాగే ఆ వాషరును మాత్రం లేత్ చేయలేదు, మేస్త్రీ చేయలేడు. అది కంపెనీ అచ్చులోంచే రావాలి. నైపుణ్యంలో ఒక ముఖ్యమైన భాగం షెడ్డు నుంచి కర్మాగారానికి మారింది ఆ వాషరుతోనే అనవచ్చు. మేస్త్రి చేతిలో మిగిలింది విప్పడం, శుభ్రం చేయడం, బిగించడం, ఎయిర్ తీయడం, జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం. ఏబీఎస్ ఉన్న కొన్ని బళ్లలో గాలి తీయడానికి కూడా స్కానర్ కావాలి.

అయినా మరమ్మతు చావలేదు. వాషరు, దుమ్ము ఆపే రబ్బరు తొడుగు కలిపి 'కిట్' అని అమ్ముతారు. క్యాలిపర్ విప్పి, పిస్టన్‌ను బయటికి తీసి, మెత్తటి కాగితంతో రుద్ది, కిట్ వేసి మళ్లీ కూర్చవచ్చు. పిస్టన్ మీది పూత లేచి గుంటలు పడితే మాత్రం కిట్ నిలవదు, మళ్లీ కారుతుంది. షోరూములో ఈ లెక్కలేమీ ఉండవు; మొత్తం క్యాలిపర్ మారుస్తారు, బిల్లు ఇస్తారు, వారంటీ ఇస్తారు. ఇది మోసమని అనడానికి లేదు. పాత పద్ధతిలో ఒక చక్రం పట్టి ఒక చక్రం పట్టక బళ్లు పక్కకు లాగిన రోజులను తలుచుకుని నిట్టూర్చనవసరమూ లేదు. కొత్త క్యాలిపర్ కచ్చితంగా పట్టుతుంది. ప్రశ్న ఏమిటంటే, కిట్టా, క్యాలిపరా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు, దేన్ని బట్టి?

2024 సెప్టెంబరులో ఈ ప్రశ్న విజయవాడ వీధుల్లోకి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన ఆ రోజుల్లోనే బుడమేరు కట్టలు తెగి సింగ్‌నగర్‌తోపాటు భవానీపురం వైపు కాలనీలు కూడా మునిగాయి. ఇళ్ల ముందు నిలిపిన బళ్లు రోజుల తరబడి బురదనీటిలో ఉన్నాయి. నీటిలో మునిగిన బండిలో ఇంజను సంగతి అందరికీ తెలుస్తుంది. బ్రేకు సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. రబ్బరు తొడుగు చిరుగు నుంచి బురద పిస్టన్ దాకా పోతుంది, పిన్నుల గ్రీజు కొట్టుకుపోతుంది, ప్యాడు తుప్పుతో డిస్కుకు అంటుకుంటుంది. బ్రేకు ఆయిల్‌కు తేమను పీల్చే గుణం ఉంది. తేమ పట్టిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 3 రకం ఆయిల్ పొడిగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం; తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే పెడల్ కింద ఆవిరే మిగులుతుంది. కొండ మీది గుడి నుంచి ఘాట్ రోడ్డులో దిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

సమగ్ర బీమా ఉన్న కారు యజమాని వరద నష్టం కింద క్లెయిము పెట్టుకోగలడు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవాడికి తన బండి నష్టానికి పైసా రాదు. మొదటివాడికి కొత్త క్యాలిపర్ అందుబాటులో ఉంటుంది. రెండోవాడు పాత మోటారు సైకిల్‌నో, వీల్ సిలిండర్లు పట్టేసిన ఆటోనో మేస్త్రి దగ్గరికి నెట్టుకొచ్చి, 'కిట్‌తో అయిపోద్దా అన్నా' అని అడుగుతాడు. బీమా చేరని చోట మరమ్మతు బతికి ఉంది. పిస్టన్ మీద వేలు పెట్టి గుంటలు తడిమి, అవునో కాదో చెప్పగలిగిన మనిషి మీద ఆ రెండోవాడి ప్రాణం ఆధారపడి ఉంది. ఆ మనిషికి సర్టిఫికెట్ ఉండకపోవచ్చు.

క్షేత్ర కార్యం

మీకు దగ్గరలోని షెడ్డుకు వెళ్లి, యాభై ఏళ్లు దాటిన మేస్త్రితో మాట్లాడి రెండు పుటల నివేదిక రాయండి. పని ఎవరి దగ్గర, ఏ వయసులో నేర్చుకున్నారు, మొదటి క్యాలిపర్‌ను ఏ బండిలో విప్పారు, ఏ పని చేయడం మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. లైనర్ల దుమ్మును ఎలా తుడిచేవారో తప్పకుండా అడిగి, ఆ మాటలను వారు చెప్పినట్టే రాసుకోండి. పేరు రాయడానికి ముందు అనుమతి తీసుకోండి. వెళ్లేటప్పటికి కింద పడుకుని ఎయిర్ తీస్తూ ఉంటే పక్కన నిలబడి ఆగండి. నిప్పిల్ బిగించేదాకా పలకరించవద్దు.